మల్లన్న పేరున ఒక పార్శిల్

2021 ఆగస్టు 11, బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు ఖతర్ దేశపు అల్ వుకైర్‌లోని ఒక దుకాణం నుంచి మల్లన్న పేరు మీద వచ్చిన మూడు పార్శిళ్లను ఒకతను తీసుకెళ్లాడు. అంతకు పది నిమిషాల ముందు మల్లన్న అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరాన పైపుల కోసం తవ్విన కందకంలో పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

పార్శిళ్లు ఇచ్చినవాడు బాషా. ఊరు రాయచోటి, వయసు నలభై ఆరు. ఎనిమిదేళ్లు ఒక ఇంట్లో డ్రైవరుగా చేశాడు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల కార్లు వాళ్లే నడుపుకోవడం మొదలుపెట్టాక ఈ దుకాణంలో కౌంటరు దగ్గర కుదిరాడు. దుకాణం హైదరాబాదు పాతబస్తీకి చెందిన హమీదుద్దీన్‌ది. కింద సరుకులు, పైన ఒక గది. ఆ గదిలో బాషా ఉంటాడు.

చుట్టూ మూడు లేబర్ క్యాంపులు. వరల్డ్ కప్‌కు ఇంకా పదిహేను నెలలు ఉంది. రోడ్లు, మురుగు పైపులు, కరెంటు లైన్లు అన్నీ ఒకేసారి వేస్తున్నారు. క్యాంపు గేటు దగ్గర డెలివరీ బండ్లను లోపలికి రానివ్వరు. అందుకని కూలీలు ఫోన్లో ఆర్డరు పెట్టిన సామాను హమీదుద్దీన్ దుకాణానికి వచ్చేది. ఆన్‌లైన్ కంపెనీ కౌంటరు మీద ఒక ట్యాబ్ పెట్టింది. పార్శిల్ రాగానే కొన్నవాడి ఫోనుకు నాలుగంకెల కోడ్ వెళ్తుంది. అతను కోడ్ చెప్పాలి, పతాకా చూపించాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. పతాకా అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పార్శిల్ వెనక్కి పోతుంది. గడువుకు ముందు రోజు కొన్నవాడి ఫోను మోగి గుర్తు చేస్తుంది. యాప్‌లో ఒక నీలం బొత్తాం ఉంటుంది. అది నొక్కితే ఇక్కడ ట్యాబ్ మోగి, ఫలానా మనిషి బయల్దేరాడని పేరు చూపిస్తుంది. గడువు ఒక రోజు పెరుగుతుంది.

జూన్ 1 దాకా ఇదంతా ఉచితం. ఆ రోజు హమీదుద్దీన్ గోడకు ఒక కాగితం అంటించాడు. ఆన్‌లైన్ పార్శిల్ తీసుకునేవారు మనిషికి రోజుకు ఐదు రియాళ్లు ఇవ్వాలని, హిందీలో, ఇంగ్లిషులో. ఎండాకాలంలో పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని చేయించకూడదన్న ప్రభుత్వ నిషేధం కూడా ఆ రోజే మొదలైంది.

ఆ శుక్రవారం వరుసలో మొదట నిలబడ్డది మల్లన్న. జగిత్యాల పక్క మనిషి. పద్నాలుగో నంబరు గదిలో ఎనిమిది మందిలో ఒకడు. కాగితం చదివించుకుని హమీదుద్దీన్ వైపు తిరిగాడు.

"ఏంది సేఠ్, పైసలు ఆడ ముందే కట్టినం. ఎండల నడుసుకుంట మేమే వచ్చినం. మా మాలు మేము తీస్కపోతందుకు మల్ల పైసలా? దర్వాజ కిరాయా ఇది?"

"దర్వాజా కాదు మల్లన్నా, అల్మారా కిరాయి. జర చూడు. బియ్యం బస్తాలు పెట్టే జాగల మీ డబ్బాలున్నయి. ఏసీ నాది, బాషా తన్ఖా నాది. డబ్బాకు ఆన్‌లైనోడు నాకిచ్చే పైసలకు చాయ్ కూడ రాదు."

"గా చాయ్ ఆన్‌లైనోన్నే అడుగు మరి. మమ్ముల అడుగుతవేంది?"

"వాడు అమెరికాల ఉన్నడో చైనాల ఉన్నడో. నువ్వైతే ఎదురుంగ ఉన్నవ్."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. మల్లన్న కూడా నవ్వి ఐదు రియాళ్లు తీశాడు. హమీదుద్దీన్ గోదాములోకి వెళ్లాక బాషా కౌంటరు మీదికి వంగాడు.

"ఎందుకప్పా కొట్లాట. మనిషికి ఐదు అని కదా రాసింది, డబ్బాకు కాదే. ఎనిమిది మందీ ఒక్కడి పేరు మీద తెప్పిచ్చుకోండి. ఒక్కడే మనిషి, ఒకటే ఐదు."

తమాషాకే అన్నాడు. పై వారానికల్లా పద్నాలుగో గది ఆర్డర్లన్నీ మల్లన్న పేరు మీదే వచ్చాయి. అతను ఎనిమిదో తరగతి చదివాడు, ఫోను నడపడం వచ్చు. మిగతావాళ్లకు ఏం కావాలో అడిగి తనే ఆర్డరు పెట్టేవాడు. పగలు అతనికి డ్యూటీ ఉంటుంది కాబట్టి తెచ్చే పని తిరుమల్‌ది. తిరుమల్ అదే గదివాడు, రాత్రి డ్యూటీ. మధ్యాహ్నం నిద్ర లేచి, మల్లన్న వాట్సాప్‌లో పంపిన కోడ్ చూపించేవాడు.

"పతాకా?" అని బాషా మొదటిసారి అడిగాడు.

"మల్లన్న పతాకా మల్లన్న జేబుల ఉంటది. ఇంకేడుంటది?"

బాషా కార్డు చూసినట్టు రిజిస్టరులో టిక్కు పెట్టాడు. తిరుమల్ మల్లన్న పేరు రాసి సంతకం అన్నాడు. రెండోసారి బాషా అడగలేదు. ఆగస్టు 11 నాటికి రిజిస్టరులో మల్లన్న సంతకాలు ఇరవై ఆరు. వాటిలో మల్లన్న స్వయంగా పెట్టినవి నాలుగు, ఇంగ్లిషులో. తిరుమల్ పెట్టినవి ఇరవై రెండు, తెలుగులో.

మల్లన్న శుక్రవారాలు సరుకుల కోసం వచ్చేవాడు. ఉంగరంతో కౌంటరు అద్దం మీద రెండుసార్లు కొట్టి అడిగేవాడు.

"బాషా భాయ్, ఈ వారం నేను ఎన్నిసార్లు వచ్చిన?"

"మూడుసార్లు వచ్చినావు."

"నాకే తెల్వకుంట మస్తు తిరుగుతున్న గద."

ఆగస్టు 13, శుక్రవారం తిరుమల్ వచ్చాడు. అతని చేతిలో సంచీ లేదు.

"మల్లన్న పోయిండు అన్నా."

"యాడికి?"

తిరుమల్ ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసుకుని మూత తిప్పకుండా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చెప్పాడు. గురువారం పైపు లైను చూడటానికి పెద్ద ఇంజనీర్లు వస్తున్నారని బుధవారం పది దాటినా మల్లన్న వాళ్లను కందకంలోంచి పైకి రానివ్వలేదు. పన్నెండున్నరకు పడ్డాడు. బండిలో వేసి క్యాంపుకు తెచ్చారు, ఆసుపత్రికి కాదు.

"నీకెట్ల తెల్సు?"

"పక్క పొంటి పని చేసినోల్లు చెప్పిన్రు. నేనప్పుడు నీ ముంగట్నే ఉంటి కదనే."

మర్నాడు కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే పీఆర్వో వచ్చాడు. ఫైలు చంకలో పెట్టుకుని మర్యాదగా మాట్లాడాడు. చనిపోయిన మనిషి కాగితాలు సరిచేస్తున్నామని, పదకొండో తారీఖు రిజిస్టరు పేజీ నకలు కావాలని అడిగాడు. సామాను ఇంటికి పంపడానికేమో అనుకుని బాషా జిరాక్స్ తీసి ఇచ్చాడు. పీఆర్వో షుక్రన్ అని అరబిక్‌లో థాంక్స్ చెప్పాడు.

ఆగస్టు 16న మల్లన్న పేరు మీద ఇంకో పార్శిల్ వచ్చింది. పదో తారీఖున పెట్టిన ఆర్డరు. చెప్పుల డబ్బా కంటే చిన్నది. ఎత్తితే బరువు తెలియలేదు. గదిలో అది ఎవరిదో తిరుమల్ కనుక్కున్నాడు. ఎవరిదీ కాదు. మల్లన్న తన కోసమే తెప్పించుకున్నాడు. బాషా దాన్ని చివరి అరలో పెట్టాడు. ఇరవై మూడున వెనక్కి పోవాలి.

ఇరవయ్యో తారీఖున మల్లన్న శవపేటిక హైదరాబాదు చేరింది.

ఇరవై రెండు, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ట్యాబ్ మోగింది. బాషా బియ్యం తూస్తున్నాడు. తలెత్తి చూశాడు. మల్లన్న బయల్దేరాడని ఉంది. కింద వాకింగ్ అని, మనిషి నడుస్తున్న బొమ్మ.

బాషా త్రాసు వదిలి తలుపు వైపు చూశాడు. అద్దం బయట ఎండ ఉంది. ఎవరూ లేరు.

సోమవారం అదే వేళకు మోగింది. మంగళవారం కూడా. బుధవారం బాషా ట్యాబ్ ఆపేసి మళ్లీ వేశాడు. పన్నెండూ నలభై ఒకటికి మోగింది.

"మషీన్ ఖరాబయింది మియా, ఏం కాదు," అన్నాడు హమీదుద్దీన్. మర్నాటి నుంచి అతను పన్నెండున్నరకే భోజనానికి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఒకటిన్నరకు వెళ్లేవాడు.

బాషాకు ఒక అలవాటు వచ్చింది. ఆ వేళకు కౌంటరు మీద ఉన్నవన్నీ పక్కకు జరిపేవాడు. ఎవరైనా సరుకు అడిగితే ఒక్క నిమిషం అనేవాడు. ట్యాబ్ మోగేది. పేరు వచ్చేది. పది నిమిషాల తర్వాత దానంతట అదే పోయేది. క్యాంపు నుంచి నడిచి రావడానికి పట్టే సమయం కూడా పది నిమిషాలే. ఆ పది నిమిషాలూ అతను కూర్చునేవాడు కాదు. పార్శిల్ అరలోనే ఉండేది. గడువు రోజుకొకటి చొప్పున పెరుగుతూ వచ్చింది.

సెప్టెంబరు 9, గురువారం ట్యాబ్ మోగిన తర్వాత తొమ్మిదో నిమిషాన తలుపు తెరుచుకుంది. వేడిగాలి లోపలికి వచ్చింది. వెలుతురుకు అడ్డంగా ఒక మనిషి నిలబడ్డాడు. సైటులో వేసుకునే టోపీ, మెడ వెనక గుడ్డ వేలాడుతోంది. ముఖం కనపడలేదు. బాషా చెయ్యి చివరి అరలోకి వెళ్లి డబ్బా పట్టుకుంది.

"నేనే అన్నా," అన్నాడు తిరుమల్. "ఎండకని మల్లన్న టోపీ పెట్టుకున్న. ఏమైంది నీకు?"

బాషా డబ్బా వదిలేశాడు. తిరుమల్ ఫోన్లో ఒక కాగితం ఫొటో చూపించాడు. కంపెనీ నష్టపరిహారం ఇవ్వనంటోంది. అందులో ఇలా ఉంది. ఆగస్టు 11న నిషేధం ప్రకారం పదింటికే పని ఆపించాం. మల్లన్న క్యాంపులో విశ్రాంతి తీసుకున్నాడు. పన్నెండూ నలభైకి దుకాణానికి వెళ్లి పార్శిళ్లు తెచ్చుకున్నాడు. ఒకటిన్నరకు గదిలో గుండె ఆగి చనిపోయాడు. డ్యూటీలో పోలేదు. ఆధారం: దుకాణం రిజిస్టరు పేజీ.

బాషా రెండుసార్లు చదివాడు.

"ఈ కాగితం నేనే ఇచ్చినా," అన్నాడు.

"సంతకం నేనే పెట్టిన."

"నువ్వు పోయి చెప్పల్ల తిరుమలా. సంతకం నాదీ అని."

"చెప్తె కంపెనీ నన్ను రేపే విమానం ఎక్కిస్తది. పక్కన పని చేసినోల్లు సుత నోరు తెరుస్తలేరు. అందరం వాల్ల చేతులనే ఉన్నం." తిరుమల్ టోపీ తీసి చేతిలో మడిచాడు. "నువ్వు వాల్ల కంపెనీ మనిషివి కాదు గదనే."

బాషా ట్యాబ్ వైపు చూశాడు. పేరు అప్పటికే పోయింది.

"మల్లన్న ఫోను ఎవురి దగ్గర ఉండాది?"

"పెట్టెతోని ఇంటికి పంపిన్రు. వాల్ల ఇంటామె ఎల్లవ్వ కాడ ఉన్నది. ఎందుకు?"

బాషా నంబరు తీసుకుని ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అటునుంచి కత్తెర చప్పుడు వినపడింది. ఎల్లవ్వ బీడీల ఆకు కత్తిరిస్తోంది.

"ఖతర్ నుంచి బాషా అని మాట్లాడ్తాండానమ్మా."

"దుబాయ్ నుంచా? కంపెనీయోల్లా?"

"కాదమ్మా. మల్లన్న సామాన్లు తీస్కపోయే అంగడి."

కత్తెర ఆగింది.

"ఆయప్ప ఫోన్లో రోజూ ఏమన్నా ఒత్తుతాండావా అమ్మా?"

"మూడు దాటినంక మోగుతదన్నా. సదువురాదు నాకు. నీలం రంగు మీద ఒత్తితె ఊకుంటది. ఫోను బందు వెట్టబుద్ధి కాలె. ఏమైంది? పైసలు పోతయా?"

అక్కడ మూడూ పది అంటే ఇక్కడ పన్నెండూ నలభై.

"పైసలేం పోవు. అట్ల ఒత్తితే ఈడ నా ముందర వస్తాది. మల్లన్న బయల్దేరినాడని."

కత్తెర కింద పెట్టిన చప్పుడు వచ్చింది.

"ఏడికి బయల్దేరిండని?"

"మా అంగడికి. ఆయప్ప పేరు మీద డబ్బా ఒకటి ఉండాది."

"డబ్బల ఏమున్నదన్నా?"

"మేం తెరవకూడదమ్మా. ఫోన్లో నాలుగంకెలు ఉంటాయి, అవి చెప్తే ఇడిపిచ్చి పంపిస్తా. కానీ మళ్లా ఆయప్ప పేరు మీద ఇంగొకరు సంతకం పెట్టల్ల."

"వద్దు. ఎవ్వలు వెట్టద్దు." ఆ మాట ఆమె వెంటనే అంది. కంపెనీ కాగితంలో ఏముందో ఊళ్లో ఎవరో ఆమెకు చదివి చెప్పారు. "ఒత్తకపోతె ఏమైతది?"

"మర్నాడు డబ్బా ఎనిక్కి పోతాది."

"అట్లయితె ఒత్తుత," అంది ఎల్లవ్వ.

సెప్టెంబరు 26న అరుంధతి అనే ఆమె దుకాణానికి వచ్చింది. దోహాలో నర్సు, ఊరు తణుకు. తెలుగువాళ్ల సంఘం తరఫున పరిహారం కోసం ఎల్లవ్వ పెట్టిన ఫిర్యాదు చూస్తోంది.

"రిజిస్టరు పేజీ ఒక్కటే వాళ్ల దగ్గరుందండి. అది తప్పని ఎవరో ఒకరు చెప్పాలి కదా. అక్టోబరు అయిదున లేబర్ ఆఫీసులో విచారణ. మీరొచ్చి చెప్తే నిలబడుద్ది. మీకిబ్బందని నాకు తెలుసు. బలవంతం చెయ్యనండి."

"చెప్తే ఆమెకు డబ్బులు వస్తాయా?"

"చెప్పకపోతే రావండి. అది మట్టుకు ఖాయం."

ఆ మాటలు హమీదుద్దీన్ విన్నాడు. ఆమె వెళ్లాక షట్టరు సగం దించి కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వు పోయి చెప్పుడంటే, పతాకా చూడకుండ డబ్బాలిచ్చిన అని ఒప్పుకున్నట్టు. ఇరవై రెండు సార్లు. ఆన్‌లైనోడు ట్యాబ్ తీస్కపోతడు. నాకు జుర్మానా పడ్తది. నిన్ను ఎట్ల పెట్టుకోవాలె నేను? పైన రూం కూడ ఖాళీ చెయ్యాల్సి వస్తది."

"చేస్తా సేఠ్."

"కాగితం అంటించింది నేను, మానత, ఒప్పుకుంట. ఐదు రియాల్ తీసుకున్న, మానత. ఒక్కని పేరు మీద తెప్పించుకోమన్నదెవరు?"

"నేనే."

"మరి?"

"అందుకే పోతాండా."

ఆ సాయంత్రం హమీదుద్దీన్ రిజిస్టరును తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు.

అక్టోబరు 1, శుక్రవారం తిరుమల్ వచ్చాడు. వరుసలో నలుగురి వెనక నిలబడి తన వంతు కోసం ఆగాడు. కౌంటరు దగ్గరికి వచ్చాక జేబులోంచి తన పతాకా తీసి అద్దం మీద పెట్టాడు.

"జిరాక్స్ తియ్యి. దీని మీద ఏ పేరున్నదో గదే చెప్పు."

"ఆలోచన చేసినావా?"

"నువ్వెన్నడన్న నన్ను పతాకా అడిగినవా? ఒక్కసారే అడిగినవ్. ఇగో, తెచ్చిన."

బాషా జిరాక్స్ తీశాడు. కార్డు తిరిగి ఇచ్చాడు.

అక్టోబరు 5, మంగళవారం పొద్దున ఏడింటికి బాషా పై గదిలోంచి దిగాడు. తన పెట్టె కూడా దించాడు. కౌంటరు మీద రిజిస్టరు ఉంది. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. హమీదుద్దీన్ అటువైపు తిరిగి పాల ప్యాకెట్లు సర్దుతున్నాడు. గోడ మీద ఐదు రియాళ్ల కాగితం అలాగే ఉంది.

విచారణ పదిన్నరకు మొదలైంది. కంపెనీ పీఆర్వో వచ్చాడు. అరుంధతి బాషా వెనక కుర్చీలో కూర్చుంది. అధికారి అరబిక్‌లో అడిగాడు, దుబాసీ హిందీలో చెప్పాడు.

"ఆగస్టు 11న పన్నెండూ నలభైకి మల్లన్న మీ దుకాణానికి వచ్చాడా?"

"రాలేదు."

"రిజిస్టరులో అతని సంతకం ఉంది."

"అది తిరుమల్ అనే అతను పెట్టింది. ఇది అతని కార్డు నకలు. మల్లన్న సంతకాలు ఇవి, నాలుగు, ఇంగ్లిషులో ఉన్నాయి. తిరుమల్‌వి తెలుగులో, ఇరవై రెండు."

"గుర్తింపు కార్డు చూసినట్టు మీరు టిక్కు పెట్టారు."

"పెట్టాను. చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

బాషా ఐదు రియాళ్ల సంగతి చెప్పాడు. దుబాసీ మధ్యలో ఆపి, డబ్బు ముందే కట్టేసిన సామానుకు మళ్లీ ఎందుకు కట్టడమని తన వంతుగా అడిగాడు. అరలు దుకాణందారువి కాబట్టి అని బాషా చెప్పాడు. దుబాసీ తల ఊపి మిగతాది అరబిక్‌లోకి మార్చాడు.

వాంగ్మూలం నాలుగు పేజీలు వచ్చింది. పన్నెండూ ఇరవైకి బాషాకు చదివి వినిపించారు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాడు. రిజిస్టరును అధికారి తన దగ్గర ఉంచుకుని రసీదు ఇచ్చాడు. తిరుమల్‌ను పిలిపిస్తామని చెప్పి, విచారణను నవంబరు 2కు వాయిదా వేశాడు.

బాషా వరండాలోకి వచ్చి పెట్టె పక్కన కూర్చున్నాడు. పన్నెండూ నలభై ఒకటికి ఫోన్ మోగింది. హమీదుద్దీన్.

"బాషా. మోగింది."

"ఏమొచ్చింది సేఠ్?"

"తెల్వదా నీకు?"

"బయల్దేరినాడా?"

"బయల్దేరిండు. ఇప్పుడు ఏం చెయ్యాలె నేను?"

"ఏం చేయొద్దు సేఠ్. కౌంటరు మీద జర జాగా చెయ్యండి. డబ్బా ఆడ్నే ఉండనీ."

అటువైపు వస్తువులు జరుపుతున్న చప్పుడు వినపడింది. పార్శిల్ గడువు అక్టోబరు 7కు పెరిగింది.